లేని నుయ్యి దానమిచ్చిన దస్తావేజు

ఒక్క వాక్యం మనిషి చేత ఎన్ని బిందెలు మోయిస్తుందో తెలియనివాళ్లు ఈ ఘోరాన్ని శ్రద్ధగా చదవండి. భుజాలు బలహీనంగా ఉన్నవాళ్లు కూర్చుని చదవండి.

మా మేనత్తకు అనకాపల్లి శివారులో, మా వెనక వీధిలోనే, ఖాళీ స్థలం ఉంది. దాన్ని కొడుకు నూకరాజు బావ పేరిట పెడితే బ్యాంకు లోను వస్తుంది, ఇల్లు లేస్తుంది. కారే అద్దె ఇంట్లో ఇంకో వానాకాలం ఉండనని అత్త పట్టు పట్టింది.

"వీలునామా రాసేత్తే సాల్దేటిరా?"

"అది నువ్వు పోయాకే పనిచేస్తుందత్తా."

"అయితే వద్దు. గృహప్రవేశం బూరెలు నాను తినాల."

"అమ్మకం దస్తావేజంటే బావ నీకు డబ్బివ్వాలి."

"ఆడా? నాకా?" అని అత్త నవ్విన నవ్వుకి గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

ఇక మిగిలింది దాన సెటిల్‌మెంటు. ఇచ్చేవాళ్ల సంతకం, పుచ్చుకునేవాళ్ల ఒప్పుకోలు, ఇద్దరు సాక్షులు, ఆధార్లు, వేలిముద్రలు, స్టాంపు రుసుము. ఈ మాత్రానికి డాక్యుమెంట్ రైటరెందుకు, నేనే రాస్తానని భీష్మించాను. మా ఇంటి పాత దస్తావేజు ముందు పెట్టుకుని దించేశాను. పేర్లు మార్చాను, సర్వే నంబరు మార్చాను, నాలుగు హద్దులూ మార్చాను. నా పాండిత్యానికి నాకే దిష్టి తగులుతుందనిపించింది. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

తర్వాత బ్యాంకాయన స్థలం చూడ్డానికొచ్చాడు. కాగితాన్ని చూశాడు, స్థలాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"'ఇందులోని రాతి నుయ్యి, రెండు కొబ్బరి చెట్లు సహా' అని రాసి ఉంది. ఎక్కడండీ?"

స్థలంలో ఉన్నదల్లా ఒక తుమ్మ మొక్క, దానికి కట్టేసిన ఎవరిదో మేక. చివరి వాక్యం మార్చడం మరిచిపోయి, మా పెరటి నూతిని అత్త చేత దానం చేయించేశానన్నమాట! లోను ఆగిపోయింది.

"ఏటి సేసేవురా నువ్వు?" అంది అత్త.

"సవరణ దస్తావేజని ఉంటుందత్తా. మీరిద్దరూ మళ్లీ వచ్చి సంతకాలు పెడితే చాలు."

అత్త చెప్పులేసుకుంది. బావ కుర్చీలోంచి కదల్లేదు.

"నానెందుకు పెడతాన్రా? మాయమ్మ నాకు నుయ్యిచ్చింది. రిజిస్టరయింది. నుయ్యేది?"

"బావా, అది మా నుయ్యి!"

"కాగితం సూసుకో."

"లోను రాకపోతే ఇల్లెలా కడతావు?"

"సరే, పెడతాను. కానీ ఇల్లు లేసేదాకా గోడలు తడపడానికి నీల్లు ఆ నూతివే. మోసేది నువ్వే."

"పైపు వేసుకోవచ్చుగా?"

"దస్తావేజులో పైపు నేదురా."

మోశాను. ప్రతి గోడా ముందు నా చెమట తాగింది, తర్వాతే నీళ్లు. గృహప్రవేశం రోజు అత్త నా నోట్లో బూరె కుక్కింది. అది మింగేలోపే బావ పెరట్లోకి లాక్కెళ్లి చేతికి పలుగిచ్చాడు. పక్కన రెండు కొబ్బరి మొక్కలు.

"సవరణలో చెట్లు కూడా తీసేశాం కదా బావా!"

"కాగితంలో తీసేవు. నా మనసులో తియ్యనేదు. తవ్వు."

కాబట్టి నా పూర్ణ మనసుతో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించి ఇచ్చిన ప్రమాణ పత్రమేమనగా: నేను గానీ, నా వారసులు గానీ జన్మలో దస్తావేజు రాయము. సాక్షులు నా కుడి భుజం, ఎడమ భుజం. ఈ ప్రమాణం రాసింది మాత్రం డాక్యుమెంట్ రైటర్.