అర మైలు ముందు తవిటయ్య

మా తవిటయ్య మావ బోర్డు పాతాడంటే, అందులో రాసినది అక్కడ ఉండదు. అర మైలు అవతల ఉంటుంది. ఆయన పట్టాల గ్యాంగులో మేస్త్రీ. రైలు నెమ్మదించాల్సిన చోటికి చాలా ముందే హెచ్చరిక బోర్డు పాతడం వాళ్ల పద్ధతి. మంచిదే! కాని రైలుకి చెల్లిన న్యాయం లోకమంతటికీ చెల్లుతుందని నమ్మిన మనిషిని ఖరగ్‌పూర్ మొత్తం మీద ఈయనొక్కణ్ణే చూశాను.

కూతురి పెళ్లి న్యూ సెటిల్‌మెంట్‌లో. ‘భోజనాలు’ అన్న బోర్డు అర మైలు ఇవతల ఝపటాపూర్‌లో! మగపెళ్లివారు ఆ బోర్డు పక్కనున్న అరుగు మీద బారుగా కూర్చుని విస్తళ్ల కోసం కేకలు. ఆ ఇంటి బెంగాలీ దీదీ హడలిపోయి తలా ఒక రసగుల్లా పెట్టి పంపింది.

"ఇదేటి మావా?" అని తల బాదుకున్నాను.

"బోర్డు సూసినాక ఆగడానికి జాగా ఉండాల కదేటి?"

"వాళ్లు బండ్లు కారు, పెళ్లివారు!"

"ఆకలి మీదున్నోడు గూడ్సుబండి కన్నా జోరుగొస్తాడ్రా."

పంతొమ్మిది వందల అరవై రెండులో ఆయన కన్ను బాలాసోర్ రోడ్డు మీద పడింది. ఊరు దాటాక ఒక మలుపు, మలుపులోనే చిలకమ్మ టీకొట్టు. రెండుసార్లు లారీలు ఆమె తడిక కూల్చేశాయి. సర్కారువారి ‘మలుపు’ బోర్డేమో సరిగ్గా మలుపులోనే ఉంది. ఒక ఆదివారం మావ దాన్ని పెరికి, అర మైలు వెనక్కి తీసుకెళ్లి బోసి పొలం పక్కన పాతేశాడు. లారీవాళ్లు నెమ్మదించడం, మలుపు కోసం వెతకడం, పాతినవాణ్ణి ఏడు తరాలూ తిట్టడం. తిట్టుకుంటూనే పాకుతూ మలుపు దాటేవారు.

రోడ్ల ఓవర్సియర్ జీపులో ఊడిపడ్డాడు. "సర్కారు బోర్డు కదిలిస్తావా? నీ ఉద్యోగం ఊడగొట్టిస్తాను!"

మావ ముఖం పాలిపోయింది. నేను మావ వెనక్కి జరిగాను. ఓవర్సియర్ బోర్డు పీకించి మళ్లీ మలుపులో పాతించాడు. ఈలోగా వాన మొదలైంది.

"ఎంత బాగా కనబడుతుందో చూడు" అంటూ జీపు దూరంగా తీసుకెళ్లి జోరుగా వచ్చాడు. బోర్డు భేషుగ్గా కనబడింది. బ్రేకే పడలేదు. హారన్ మోగిస్తూనే జీపు జారి తడికలో దూరింది. చిలకమ్మ వెనక్కి కూడా తిరగలేదు. మావ ఒక్క గంతులో ఆమెను పక్కకి లాగాడు. జీపు పకోడీల బల్లను గుద్ది ఆగింది. నెత్తి నిండా శనగపిండితో ఓవర్సియర్ దిగాడు.

"అంత హారన్ కొడితే కదలదేం?"

మావ అతని దగ్గరికెళ్లి బెంగాలీలో గొణిగాడు. "ఆవిడకి వినబడదు దాదా. ఎవరికీ చెప్పకు. తెలిస్తే అలుసు చేస్తారు. అందుకే లారీలను ముందే నెమ్మది చేయించాను."

ఓవర్సియర్ బోర్డు పెరికి భుజాన వేసుకుని, వానలో అర మైలు నడిచి, స్వయంగా పాతాడు. "ఇకనుంచి సర్కారు బోర్డు ఇక్కడే! ఠీక్ హై?"

"హైలెస్సా!" అని మావ ఎగిరి గంతేశాడు. పోయే లారీవాళ్లు కూడా హారన్లు మోగించారు. నేను ఈల వేశాను.

మేం ముగ్గురం తిరిగొచ్చేసరికి చిలకమ్మ నడుం మీద చెయ్యేసి నిలబడింది. "తవిటన్నా, ఆ బాబుతోటి ఏటి గుసగుసలాడినావు?"

"నీ టీ గొప్పగుంటాదని సెప్పినానమ్మా!" అని మావ గొంతు చించుకున్నాడు.

"ఇన్నాళ్లకి ఒక నిజం సెప్పినావు!" అంటూ గ్లాసుల నిండా పోసింది.

అదెంత గొప్ప టీయో ఓవర్సియర్ ముఖమే చెప్పింది. అయినా పాపం, రెండో గ్లాసు అడిగి తాగాడు.