ఆరు గంటల్లోపు సైన్ గ్రాఫు

నంద్యాలలో ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదివే మా అమ్మాయి లావణ్య ఈ రోజు మధ్యాహ్నమంతా ఆళ్లగడ్డలో మా ఎరువుల కొట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. సాఫ్ట్‌వేర్‌తో సైన్ గ్రాఫు గీసి ఆరు గంటల్లోపు కాలేజీకి పంపాలి. ఆరు దాటితే తీసుకోరు, ల్యాబ్ మార్కులు పోతాయి. నునుపైన అల రావాల్సిన చోట తెర నిండా గీతల చిక్కు వస్తోంది.

పురుగుమందు కోసం వచ్చిన సుబ్బన్న తెరలోకి తొంగి చూశాడు.

“ఏంది పాపా, ఎవురి గుండెకాయ ఇది, ఇట్ల కొట్టుకుంటాండాది?”

“నాదే మామా” అంది తల ఎత్తకుండా.

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పావు తక్కువ ఆరైంది.

“ఏదో ఒకటి పంపెయ్యమ్మా, టైమైపోతాంది” అన్నాను.

“తప్పని తెలిసినాక ఎట్ల పంపేది నాయనా? ఊరికే ఉండు.”

తను గ్రాఫంతా చెరిపేసి తొంభై డిగ్రీల సైన్ ఒక్కటే అడిగింది. జవాబు 1 అని రావాలట, వేరే అంకె వచ్చింది. అప్పుడు దొరికింది తప్పు. తను కోణాలు డిగ్రీల్లో ఇస్తుంటే, సాఫ్ట్‌వేర్ వాటిని రేడియన్లనే వేరే కొలతగా తీసుకుంటోంది. మార్చి మళ్లీ గీసింది. చక్కటి అల వచ్చింది. ఆరు కొట్టేలోపు పంపేసింది.

రేడియన్ అంటే ఏమిటో ఇంటికొచ్చే దారిలో చెప్పింది, సగమే అర్థమైంది. ఆ కుర్చీలో నేనుంటే మాత్రం ఆ చిక్కునే పంపేసి ఊపిరి పీల్చుకునేవాడిని. మీరైతే ఏం చేసేవారు?