శబ్దం పోయిన పాడుబంగళా

ఆ నటుడి పేరు రాయను. రాస్తే చదివేవాళ్లు ఆయన దగ్గరే ఆగిపోతారు, నేను చెప్పాల్సింది మా నాన్న గురించి, మా బాపు గురించి. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆయన జడ్జిగా, పెళ్లికూతురి తండ్రిగా, ఉత్తరీయంతో కళ్లు తుడుచుకునే పెద్దమనిషిగా తెలిసే ఉంటాడు. అంతకుముందు, కొత్తల్లో, ఆయనకు అలాంటి మర్యాదైన వేషాలు రాలేదు. వచ్చినవన్నీ పాడుబంగళా సినిమాలే. గాలి లేకుండా ఊగే ఉయ్యాల, గోడ మీద చనిపోయిన జమీందారిణి పటం, మెట్ల మీద దీపం పట్టుకొని దిగే మనిషి. ఆ దీపం ఎప్పుడూ ఈయన చేతిలోనే ఉండేది. ఒక పత్రికవాళ్లు ఆ సినిమాల మీద వ్యాసం రాయమన్నారు. నేను కరీంనగర్‌లో ఒక కాలేజీలో తెలుగు చెప్తాను, పాత సినిమాల మీద అప్పుడప్పుడు రాస్తుంటాను. సరేనన్నాను.

అదే నెలలో ఇంట్లో ఇంకో వ్యవహారం నడుస్తోంది. బాపును భైంసాలో మా చెల్లెలి ఇంటికి పంపించాలి. ఆ సంగతి బాపుకు ఇంకా చెప్పలేదు.

అవ్వ, అంటే మా అమ్మ, పోయినప్పటి నుంచి మూడేళ్లుగా బాపు నా దగ్గరే ఉన్నాడు. సిరిసిల్లలో వయసంతా సాంచాలు నడిపిన మనిషి. సాంచా అంటే మా దగ్గర పవర్‌లూమ్. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. చెవి మిషన్ కొనిస్తే రెండు రోజులు పెట్టుకొని డబ్బాలో పడేశాడు. "గిది పెడితే మల్ల కార్ఖాన్ల నిలవడ్డట్టే ఉంటది బిడ్డా, నాకొద్దు" అన్నాడు. ఇక మా ఇంట్లో మాట అంటే అరుపే. బాపు అన్నం తిన్నాడో లేదో మా గల్లీ అందరికీ తెలిసేది.

అరుపులు అలవాటయ్యాయి గానీ, ఆయన రెండు పద్ధతులు మాత్రం నాకు ఒళ్లు మండించేవి. ఎవరు ఏం చెప్పబోయినా "మొఖం ఇటు పెట్టి మాట్లాడు" అనేవాడు. కూర తాలింపు మాడిపోతున్నా సరే, ఆయనవైపు తిరిగి చెప్పాలి. పెద్దరికం అనుకున్నాను. రెండోది, వంటింటికి ఎదురుగా కుర్చీ వేసుకొని నన్నే చూస్తూ కూర్చోవడం. టీవీ ఒల్లడు, పేపర్ ఒల్లడు. పొద్దస్తమానం అలా ఒక మనిషి మొహంలోకి చూస్తుంటే పిండి కూడా సరిగా కలపబుద్ధి కాదు.

ఒక ఆదివారం పొద్దున జొన్నరొట్టెలు చేస్తూ, ఫోన్ స్పీకర్‌లో పెట్టి చెల్లెలితో మాట్లాడాను. బాపు ఎదురుగా తన కుర్చీలోనే ఉన్నాడు.

"నాతోటి ఐతలేదే ఇగ," అన్నాను. "కాలేజీకి పోవాలె, రావాలె, గీ అరుసుడు అరవాలె. గొంతు పోతుంది నాకు. గిట్లనే ఉంటే నేనే పిచ్చిదాన్నయిత."

"సరే తీ అక్కా. పత్తి కొనుగోళ్లు జర తక్కువైనంక మా ఆయన వచ్చి తోల్కొస్తడు. బాపుకు చెప్పినవా?"

"ఏం చెప్తనే? ఇనవడితే గద. పోయే ముందు చెప్తె సరిపాయె."

అప్పుడు తప్పు చేస్తున్నానని అనిపించిందా అంటే, లేదు. వినపడని మనిషి ఎదురుగా మాట్లాడుతుంటే ఆ మనిషి అక్కడ లేనట్టే ఉంటుంది. రొట్టె తీసి పళ్లెంలో వేసి "బాపూ, తిను" అని అరిచాను. తిన్నాడు.

సినిమాలు మధ్యాహ్నాలు చూసేదాన్ని. యూట్యూబ్‌లో ఎవరెవరో పుణ్యాత్ములు ఎక్కించిన గీతలు పడ్డ ప్రింట్లు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుంటే, బాపు కూడా కుర్చీ జరుపుకొని పక్కకు వచ్చేవాడు. నాకు సాయంగా ఒక్క మాటా అనేవాడు కాదు, బట్ట గురించి తప్ప. తెల్లచీరలో దయ్యం మెట్లు దిగుతుంటే నేను నోట్సు రాసుకుంటున్నాను, ఈయన "గంజి మంచిగ వట్టిచ్చిండ్రు దయ్యానికి" అన్నాడు. నవ్వాగలేదు నాకు.

చూడగా చూడగా ఆ నటుడి పద్ధతి ఒకటి పట్టుబడింది. మిగతావాళ్లు కోరలు పెట్టుకొని, గుడ్లురిమి, వికటాట్టహాసాలు చేస్తుంటే ఈయన ఊరికే ఆగేవాడు. ఎదుటివాళ్లు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడు. దీపం కాస్త పైకెత్తి, ఆ మొహాన్ని తీరిగ్గా చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. ఆ కాసేపట్లోనే మనకు భయమేస్తుంది. తర్వాత్తర్వాత ఆయన చేసిన మంచి తండ్రి పాత్రల్లో కూడా ఇదే ఆగడం ఉంది, అక్కడ దాన్ని మనం ప్రేమ అనుకున్నాం. నా వ్యాసానికి అదే వెన్నెముక అని తేల్చుకున్నాను.

అన్నిటికంటే మంచి సన్నివేశం ఒక సినిమాలో దొరికింది. దొరికీ దొరకనట్టు దొరికింది. అందులో ఈయన జమీందారుకు అన్న. ఊరంతా చచ్చిపోయాడనుకుంటారు. బంగళాలోనే గోడ వెనక గదిలో బతుకుతుంటాడు. ఒకసారి దీపంతో బయటికొచ్చి భార్య పటం ముందు చాలాసేపు నిలబడి ఏదో మాట్లాడతాడు. సరిగ్గా అక్కడ ఆ ప్రింట్‌లో శబ్దం పోయింది. పెదవులు కదులుతాయి, మాట లేదు. నాకు తల కొట్టుకోవాలనిపించింది. వెనక్కి తిప్పి, మళ్లీ పెట్టి, మళ్లీ తిప్పి పెట్టాను.

ఎన్నోసారో, పక్క నుంచి బాపు అన్నాడు: "ఏమంటుండో నేను చెప్పాల్నా?"

నేను ఇయర్‌ఫోన్లు తీసి ఆయనవైపు తిరిగాను. ఆయన తెరమీద వేలు పెట్టి, నిదానంగా, ఒక్కొక్క మాటే చెప్పాడు.

"'నేను సచ్చిపోయిన్నని అనుకుంటుండ్రు. అనుకోనీ. గీ ఇంట్ల ఎవలేం మాట్లాడేది నాకంత ఎరుకే.' గదీ అంటుండు."

"నీకెట్ల తెలుసు?" అని అరిచాను.

"నోరు జూసి. సాంచాల కాడ మేమందరం గట్లనే మాట్లాడుకుంటుంటిమి. గా సప్పుడుల గొంతు చించుకుంటె ఎవలికి ఇనవడ్తది? ఈ మూలకు ఒకడు, ఆ మూలకు ఒకడు, నోరు జూస్తె సమజైతది. గీయన మంచిగ నోరు దెరిసి మాట్లాడ్తడు. ఇప్పటి హీరోలు మీసాలల్లనే గొణుగుతరు."

నమ్మలేదు. శబ్దం ఉన్న సన్నివేశాలు పెట్టి, నేను ఇయర్‌ఫోన్లలో వింటూ ఆయన్ని చెప్పమన్నాను. పిచ్చి డాక్టరు మాటలు చెప్పాడు, దివాను మాటలు చెప్పాడు, ఏడుస్తున్న పనిమనిషి మాటలు కూడా చెప్పాడు. ఎక్కడో ఒకటి రెండు మాటలు తప్పితే అంతా సరే. మామూలు బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అక్కడ ఆగి, ఒక్కసారి వంటింటివైపు చూసేవాళ్లు. నేను లాప్‌టాప్ వైపే చూశాను. నాకు వ్యాసం దొరికిన సంబరం. ఆ మూడు వాక్యాలు సాఫీ తెలుగులోకి మార్చి, వాటి మీద రెండు పేజీలు రాసి పంపించేశాను.

పది పన్నెండు రోజులకు ఆ పత్రిక సంపాదకురాలు ఫోన్ చేసింది. వాళ్లకు తెలిసిన పాత ఫిల్ములు సేకరించే ఒకాయన దగ్గర అదే సినిమా శబ్దంతో సహా ఉందట. "మీరు రాసిన మాటలు అందులో లేవండీ" అని మర్యాదగా చెప్పి ఆ ముక్క పంపించింది. విన్నాను. ఆయన పటం ముందు నిలబడి అంటున్నది ఇదీ: "ఈ పటం తీసేయాలి. ఈ కళ్లు నన్ను నిద్రపోనివ్వడం లేదు."

పరువు పోయేదే. కోపంగా బాపు దగ్గరికి వెళ్లాను. మంచం మీద కూర్చొని ఉన్నాడు.

"ఏంది బాపూ నువ్వు? అన్ని సరిగ చెప్పి గా ఒక్కటి తప్పు చెప్పినవు? ఆయన..."

మాట సగంలోనే ఆగిపోయింది. అన్నీ సరిగ్గా చెప్పాడు. నేను విని సరిచూసుకోలేని ఆ ఒక్క చోటే వేరే మాట చెప్పాడు. 'గీ ఇంట్ల ఎవలేం మాట్లాడేది నాకంత ఎరుకే.' మేం అరిస్తే ఆయనకు వినపడుతోందనుకున్నాం. అరిస్తే నోరు పెద్దగా తెరుచుకుంటుంది, అంతే. మూడేళ్లుగా ఆ కుర్చీలో కూర్చొని నా మొహంలోకి చూసింది ఇందుకు.

బాపు తల దించుకొని చేతులు చూసుకున్నాడు.

"గాయన గట్ల అనలే బిడ్డా. నాకు ఎరుకే."

"మరెందుకు చెప్పినవ్?"

"నా బిడ్డతోని గంత మాట నేనెట్ల అంట? గాయనతోని అనిపిచ్చిన."

సిగ్గు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కూర్చుందామని మంచం మీదికి వంగితే కింద సంచీ కాలికి తగిలింది. లాగి చూశాను. ధోవతులు, రెండు బనీన్లు, అవ్వ ఫోటో. ధోవతులు కార్ఖానాలో బట్ట మడతపెట్టినట్టు అంచుకు అంచు కలిపి ఉన్నాయి.

"ఇదెప్పుడు సర్దినవు?"

"నువ్వు రొట్టెలు జేసిన్నాడే. నీకు జెప్పుడు కష్టమైతుండె గద. నేనే తయారుగుంటె అయిపాయె."

ఏడ్చాను. అది దాచను. తర్వాత ఫోన్ తీసి, ఆయనకు ఎదురుగా నిలబడి, మొహం మీద వెలుతురు పడేలా కిటికీవైపు తిరిగి, చెల్లెలికి చేశాను. అరవలేదు.

"ఎవ్వలు రావద్దు. బాపు ఈడనే ఉంటడు. నేనే పంపియ్య."

అవతల చెల్లెలు ఏదో అడుగుతోంది. నేను బాపునే చూస్తున్నాను. ఆయన నా పెదవుల మీది నుంచి చూపు తీయకుండా చివరి మాట దాకా చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకొని, లేచి, కుర్చీ లాక్కొని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

"గాయన సినిమా పెట్టు," అన్నాడు. "నీ చెవులల్ల గవి పెట్టుకోకు. సప్పుడు లేకుంట సూద్దాం."