నసీమక్క మౌస్ వదిలిన చోట

నిన్న కుప్పంలో పాఠం నోట్సు జిరాక్సు తీయిస్తుంటే, మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలింది. ఆ వెచ్చదనమూ, దాంతోపాటు వచ్చే కమురు వాసనా నన్ను పుంగనూరులోని నసీమక్క కొట్టుకు లాక్కెళ్ళాయి. బస్టాండు పక్క సందులో ఆమెది జిరాక్సు, టైపింగు కొట్టు. మదనపల్లెలో డిగ్రీ చదివే రోజుల్లో, మా ఊరు చౌడేపల్లె వెళ్ళే బస్సు కోసం రోజూ అక్కడ దిగేవాణ్ణి. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆమె కంప్యూటర్లో ఏదో చదువుకుంటూ కనిపించేది. ఎవరు ఏం చదువుతున్నా తొంగి చూడటం నా జబ్బు. అలా తొంగి చూస్తే కనపడిందే విజువల్ నావెల్. తెరమీద బొమ్మ, కింద ఇంగ్లీషులో మాటలు, వెనక సన్నగా సంగీతం. కథ మధ్యలో ఆగి, ఇప్పుడేం చేయాలో చదివేవాళ్ళనే అడుగుతుంది. మనం ఎంచుకున్న జవాబును బట్టి కథ దారి మారుతుంది.

నసీమక్క ఆ ఇంగ్లీషు చదువుతూనే నాకు తెలుగులో చెప్పేది. ఎంచుకోవాల్సిన చోటు రాగానే మౌస్ వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకునేది. నేనైతే ఏది ఎంచుకుంటానో, ఎందుకో చెప్పాలి. "ఊరికే" అంటే ఒప్పుకునేది కాదు. అప్పటిదాకా నన్ను ఏం చేశావని నిలదీసినవాళ్ళే గాని, ఎందుకని అడిగి విన్నవాళ్ళు లేరు. ఆ ప్రశ్న కోసమే ఎన్నో బస్సులు వదులుకున్నాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉండి, ఒక శనివారం నా క్లాసువాళ్ళను ఇద్దరిని వెంటబెట్టుకెళ్ళాను. ఒకడు కలికిరి రెడ్డెప్ప. ఇంకొకడు రామకుప్పం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే లక్ష్మీపతి. కూర్చోగానే రెడ్డెప్ప ఎంటర్ కీని టకటకా కొట్టి సగం కథ దాటించేశాడు. "బొమ్మ కదలదే. హ్యాంగయిందా అక్కా? ఆట యాడుండాది?" అన్నాడు. తుపాకీ ఎప్పుడు చేతికొస్తుందా అని వాడి ఎదురుచూపు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క నవ్వి, మళ్ళీ మొదటినుంచి పెట్టి తానే చదివింది. పడవల రేవులో పనిచేసే ఒక అమ్మాయి కథ అది. కాసేపటికి రెడ్డెప్ప కూడా కీబోర్డు జోలికి పోవడం మానేశాడు.

కథలో స్నేహితురాలు ఆ అమ్మాయిని అంతా బాగుందా అని అడిగింది. రెండే జవాబులు: బాగుంది, బాగాలేదు. అక్క మౌస్ వదిలేసింది. బాగాలేదంటేనే కథ రసకందాయంలో పడుతుందని రెడ్డెప్ప వాదన. లక్ష్మీపతి మాత్రం బాగుందనే చెప్పాలన్నాడు.

"యాలప్పా?" అని కారణమడిగింది అక్క.

"బాగలేదంటే యాల అని అడుగుతారు గదక్కా. అప్పుడంతా చెప్పాల."

తర్వాత ఏమవుతుందో చూడాలని నా తొందర నాది. బాగుందనే నొక్కమని అక్కను తొందరపెట్టాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క నొక్కలేదు. తెరను వదిలేసి వాడివైపు తిరిగింది.

"నేనడగతాండాను. చెప్పు."

వాడు చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. చదువు మానేస్తున్నానని, టీసీ ఇప్పించమని ప్రిన్సిపాల్‌కు రాసుకున్న అర్జీ. మదనపల్లెలో అయితే ఎవరి కంటైనా పడుతుందని, ఇక్కడ టైపు చేయించుకుందామని తెచ్చుకున్నాడట. రెండేళ్ళుగా అడవి ఏనుగులు వాళ్ళ రాగి చేను తొక్కేస్తున్నాయి. కాపలాకు తండ్రి ఒక్కడే పోతున్నాడు. ఇదంతా మా ముఖాలు చూడకుండా తెరనే చూస్తూ చెప్పాడు. రోజూ నా పక్కనే కూర్చునేవాడు. నాకు ఒక్క ముక్క తెలియదు.

నసీమక్క ఓదార్చలేదు, బుద్ధులూ చెప్పలేదు. కోతలు ఎప్పుడవుతాయని మాత్రం అడిగింది. రెండు నెలలన్నాడు.

"టైపు కొట్టేది నా పని, కొట్టి ఇస్తాను. టీసీకి ఒకటి, రెండు నెల్ల లీవుకి ఒకటి. ఏదిచ్చుకుంటావో నీ ఇష్టం."

రెండు కాగితాలూ వాడి చేతిలో పెట్టింది. సోమవారం వాడు ప్రిన్సిపాల్‌కు లీవు కాగితం ఇచ్చాడు. రెడ్డెప్పా నేనూ పాఠాలు రాసి పంపేవాళ్ళం. కోతలయ్యాక తిరిగొచ్చి మాతోపాటే డిగ్రీ పూర్తిచేశాడు. మరుసటేడు నసీమక్క కొట్టు మూసేసి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎంత విచారించినా తెలియలేదు. రేవులో ఆ అమ్మాయి కథ ఎటు తిరిగిందో కూడా తెలియదు. అన్నిట్లోకీ తొంగిచూసే నాకు దాన్ని మళ్ళీ తెరవాలనిపించలేదు.

లక్ష్మీపతి ఇప్పుడు సొంత చేనే చూసుకుంటున్నాడు. ఫోన్ చేసి ఎలా ఉన్నావంటే, ఇప్పటికీ బాగుండానంటాడు. నేను మాట మార్చను, ఫోనూ పెట్టను. కాసేపటికి వాడే చెప్పడం మొదలుపెడతాడు.