ఐసు నీళ్లలో చేతులు

మా నంద్యాల మెకానిక్ అన్న ఎడమచేయి ఊరికే ఉండేది కాదు. టీ తాగుతున్నా, ఎవరితో మాట్లాడుతున్నా, లేని క్లచ్‌ను నొక్కుతూనే ఉండేది. నార్వే కొసన మంచు సముద్రం దాకా బైకు మీద పోవాలని ఆయన పట్టుదల. తోడు వస్తానని మాటిచ్చినవాణ్ని నేను.

ప్రతి ఆదివారం ఆళ్లగడ్డ దాకా బండ్లు తోలి, తిరిగొస్తూ ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆగేవాళ్లం. ఆయన ఐసు నీళ్ల తొట్టిలో చేతులు మోచేతుల దాకా ముంచి, వేళ్లు మొద్దుబారినాక తీసి, బండి చైను నట్టు బిగించేవాడు. నేను వాచీ చూసి టైం చెప్పేవాణ్ని. నట్టు జారి పడేది. "ఆడ చైను తెగితే ఎవురొస్తారప్పా?" అని మళ్లీ ముంచేవాడు.

ఒక ఆదివారం నట్టు జారలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. "రేపే హైదరాబాదు పోతాండా, వీసాకు. నీ కాగితాలు తెచ్చియ్యి" అన్నాడు.

"శనగ కోతలు కానీ అన్నా, చూద్దాం" అన్నాను. అంతకు ముందు ఏడాది అడిగినప్పుడు చెల్లెలి పెళ్లి అన్నాను.

ఆయన నా చేయి పట్టుకున్నాడు. ఆయన వేళ్లింకా కొంకర్లు పోయే ఉన్నాయి. నా చేయి మాత్రం వెచ్చగా ఉంది.

"రెండేండ్ల నుంచి చూస్తాండా. ఒక్కసారన్నా ఈ నీళ్లలో చేయి పెట్టలేదు గదప్పా నువ్వు!"

ఆయన నా చేయి వదిలి, తన తడి చేయి చాపాడు.

"ఆ వాచీ అన్నా ఇయ్యి. ఆడ టైం నేనే చూసుకోవల్ల."