ఎనాక్ తీసుకుపోయిన పార

మా కాకుల లోయలో ఎనాక్ తీసినన్ని సార్లు టోపీ తీసినవాళ్ళు ఇంకొకరు లేరు. పోలీసు ఎదురైతే తీసేవాడు, సరే. పాదిరిగారికి తీసేవాడు, అదీ సరే. పట్టపగలే తాగి బురదలో దొర్లుతున్నవాడి పక్కనుంచి వెళ్ళినా తీసేవాడు. "వాడికి కళ్ళే తెరుచుకోవడం లేదు, ఎవరికయ్యా నీ దండాలు?" అని ఒకసారి కసిరాను. "అలవాటమ్మగారూ. ఏడేళ్ళు ఇది తియ్యకపోతే వీపు చిట్లేది" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వూ రాలేదు, జాలీ కలగలేదు. దాచడం దేనికి, చిరాకేసింది.

నా పేరు కెజియా. దక్షిణ ఖండంలోని ఈ బెండిగోలో బంగారం పడిందని విని ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి మా ఆయనతో ఓడెక్కి వచ్చాను. వచ్చిన ఏడాదే నెత్తురు విరేచనాలతో ఆయన పోయాడు. ఆయన పార మిగిలింది, నేను మిగిలాను. గుడారం ముందు మట్టి పొయ్యి కట్టుకుని, మాంసం, బంగాళాదుంపలు పెట్టి మడిచిన మా ఊరి రొట్టెలు కాల్చి గుంటలు తవ్వేవాళ్ళకి అమ్ముకుంటున్నాను. మాలో ఒక పద్ధతి ఉంది. ఎవరి రొట్టె మూల మీద వాళ్ళ పేరులోని మొదటి అక్షరం పిండితో చేసి అంటిస్తాం. సగం తిని పక్కన పెట్టినా ఎవరిది వాళ్ళకే దొరుకుతుంది. ఎనాక్ రోజూ నా పొయ్యికి కట్టెలు వేసేవాడు, బదులుగా మాడిందో విరిగిందో ఒక రొట్టె ఇచ్చేదాన్ని. దాని మీద అక్షరం పెట్టేదాన్ని కాదు. పక్కన కూర్చుని తినేవాడు ఒక్కడూ లేనివాడికి అక్షరం ఎందుకని.

ఇంగ్లండులో కూలి చేసుకునే కుర్రతనంలో ఒక జత బూట్లు దొంగిలించాడట. ఏడేళ్ళ శిక్ష వేసి సముద్రం దాటించి, ఈ దేశానికి దక్షిణాన ఉన్న ఖైదీల దీవికి తోలారు. ఆ ఏడేళ్ళూ అయిపోయి ఎన్నాళ్ళో అయింది. అయితేనేం, లోయలో అతనికి పేరు లేదు, అందరికీ 'దీవివాడే'. ఎవరిదైనా చొక్కా పోయినా, కోడి పోయినా, ఆఖరికి సబ్బుముక్క పోయినా ముందు వెళ్ళేది అతని గుడారానికే. వాళ్ళు వస్తుంటే తనే తెర ఎత్తి పట్టుకునేవాడు. లోపల ఒక గొడ్డలి, ఒక డబ్బా, ఒక కంబళి. "చూసుకోండి బాబూ. ముప్పై ఒక్క ఏళ్ళ నాలుగు నెలలు, పరాయివాళ్ళ గడ్డిపోచ ముట్టలేదు" అనేవాడు. నెల మారితే లెక్కా మారేది. అడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు. "ముట్టనివాడికి అంత లెక్కెందుకు తాతా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. వాళ్ళకీ టోపీ తీసేవాడు.

గుంట తవ్వడానికి ఇద్దరుండాలి, కిందొకడు, పైన తాడు లాగేవాడొకడు. దీవివాడి చేతికి తాడిచ్చి కిందికి దిగేవాడెవడు? అందుకే కట్టెలు కొట్టుకుని బతికాడు. సాయంత్రం ఏ మంట చూసినా చుట్టూ నలుగురుండేవారు, అతని మంట దగ్గర అతనొక్కడే. ఆదివారం ప్రార్థన గుడారంలో మేం కీర్తనలు పాడుతుంటే, బయట జామాయిల్ చెట్టు కింద నిలబడి గొంతు తగ్గించి పాడేవాడు. ప్రార్థన అయి మేం లేచేసరికి వెళ్ళిపోయేవాడు. రెండేళ్ళు ప్రతి ఆదివారం చూశాను. లోపలికి రావయ్యా అని ఒక్క మాట నా నోట రాలేదు.

అతనితో మనిషిలా మాట్లాడినవాడు పెథ్రిక్ ఒక్కడే. మా పక్క ఊరివాడు, మొండిఘటం. జోడీవాడు వదిలేసి పోతే ఒంటరిగానే ఐదు వారాలు తవ్వాడు. గుంటలోకి నిచ్చెన, చేతిలో బకెట్టు, ఎక్కడం, దిగడం. ఇంకో గజం దిగితే బంగారం పేరుకునే బంకమట్టి తగులుతుందనగా వాడికీ నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. ఒక శనివారం పొద్దున ఎద్దుబండి మీద వాణ్ణి ఆసుపత్రి గుడారానికి తీసుకెళ్తుంటే ఎనాక్‌ని పిలిపించాడు.

"బాబాయ్, పార గుంటలోనే పెట్టాను. వారంలో వచ్చేస్తా. దాన్ని కనిపెట్టుకుని ఉండు. నీ చేతుల్లో పెట్టి పోతున్నా."

"నీకు మతి పోయిందట్రా? పోయి పోయి ఎవడికి అప్పగిస్తున్నావ్?" అన్నాను నేను. ఎనాక్ అక్కడే ఉన్నాడు. విననట్టు టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"తెలిసే అప్పగిస్తున్నా అత్తా" అన్నాడు పెథ్రిక్.

మా లోయలో గుంటకి గుర్తు తవ్వే పనిముట్టే, గొడ్డలీ అదీ చెల్లదు. గుంటలో పలుగో పారో ఉంటే అది ఒకడి సొత్తు, ఎంత దుర్మార్గుడైనా అందులోకి దిగడు. పనిముట్టు లేకుండా ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయా, దిగినవాడిదే గుంట. పెథ్రిక్ ఐదు వారాల కష్టమంతా ఆ ఒక్క పార మీద ఉంది. రోజూ వందమంది కొత్తవాళ్ళు ఏ గుంట ఖాళీగా ఉందా అని తొంగి చూసుకుంటూ పోయేవారు.

ఆ ఆదివారం చెట్టు కింద ఎనాక్ లేడు. గుంట గట్టు మీదే కూర్చున్నాడట. లేడని నాకు తట్టను కూడా లేదు. మూడు రోజులు అలాగే కాశాడు. మంగళవారం పొద్దున వాగుకి వెళ్ళి డబ్బాతో నీళ్ళు తెచ్చుకునేసరికి గుంటలో పార లేదు. ఎవడు తీశాడో ఇప్పటికీ తెలియదు. అప్పటికే ఎవడో కొత్తవాడు గట్టు మీద చతికిలబడి, పొద్దు ఎంత ఎక్కిందో చూసుకుంటున్నాడు.

ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా, ఆ మధ్యాహ్నం అతను నా పొయ్యి దగ్గరికొచ్చి టోపీ నలుపుతూ నిలబడ్డాడు.

"అమ్మగారూ."

"ఏంటి? కట్టెలు నిన్ననే వేశావుగా."

"మీ పార... ఒక్క మూడు రోజులు..."

నా చేతులు పిండిలో ఉన్నాయి, పొయ్యి మంట మొహాన కొడుతోంది, నలుగురు మగవాళ్ళు రొట్టెల కోసం కూర్చుని ఉన్నారు. "పారా? మా ఆయన పారా? ఓహో, అరువడగడం కూడా నేర్చావన్నమాట! అడగడమెందుకయ్యా, మీ దీవి పద్ధతిలో ఎత్తుకుపోరాదూ!" అన్నాను.

ఆ నలుగురూ పగలబడి నవ్వారు. వాళ్ళు నవ్వితే నాకు బాగానే ఉంది.

"ముప్పై ఒక్క ఏళ్ళమ్మగారూ" అన్నాడు మెల్లిగా.

"ఆఁ ఆఁ, విన్నాం. చెవులు తూట్లు పడేలా విన్నాం. పో, పనుంది."

వెళ్ళిపోయాడు. కాసేపటికి రొట్టెలు బయటికి తీసి వెనక్కి తిరిగితే, గుడారం కర్రకి ఆనించిన పార లేదు.

నేను అరిచిన అరుపుకి లోయ సగం పోగైంది. పోలీసునీ వెంటబెట్టుకుని అతని గుడారం మీద పడ్డాం. ఎప్పటిలాగే తనే తెర ఎత్తి పట్టుకున్నాడు. ఈసారి లెక్క మాత్రం చెప్పలేదు.

"నా పార తీశావా?"

"తీశానమ్మగారూ."

అబద్ధమాడినా నాకంత ఒళ్ళు మండేది కాదు. "ఎక్కడుంది? అమ్మేశావా? తాగేశావా?"

"భద్రంగా ఉందమ్మగారూ." అంతే. పోలీసు చెంప మీద కొట్టినా ఇంకో మాట రాలేదు.

లోయలో జైలు లేదు. పోలీసుల క్యాంపు ముందు పెద్ద దుంగ ఒకటి పడి ఉంటుంది, దొంగల కాళ్ళకి గొలుసు వేసి దానికి కట్టేస్తారు. శనివారం మేజిస్ట్రేటు వచ్చేదాకా అక్కడే. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, ఆ ఎండ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. దారిన పోయేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో మాట విసిరిపోయారు. "తాతా, లెక్క ఎంతదాకా వచ్చింది?" అని పనిగట్టుకుని అడిగి మరీ వెళ్ళారు.

బుధవారం నేనూ వెళ్ళాను. అతని కోసం కాదు, పార కోసం. దాని కర్ర మీద మా ఆయన ఎర్రగా కాల్చిన ఇనుముతో తన పేరులోని అక్షరం వేసుకున్నాడు. ఆయన చేతి గుర్తు నాకు అదొక్కటే.

పెదాలు పగిలిపోయి ఉన్నాయి. కళ్ళ చుట్టూ ఈగలు. నన్ను చూసి, ఆ ఎండలో, టోపీ తీశాడు.

"ఎక్కడుందో చెప్పవయ్యా. ఇప్పుడే విడిపిస్తాను."

"ఇంకో రెండు మూడు రోజులు ఓపిక పట్టండమ్మగారూ. మీ పార మీకొస్తుంది."

"ఏముంది ఆ రెండు మూడు రోజుల్లో?"

నేల చూపులు చూశాడు. తిట్టాను, నోటికొచ్చినంతా తిట్టాను. తిడుతున్నంతసేపూ అతని టోపీ ఒళ్ళోనే ఉంది, నెత్తి ఎండలో ఉంది. పెట్టుకో అనలేదు నేను. నీళ్ళు కావాలా అని అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం పెథ్రిక్ వచ్చాడు. పుల్లలా అయిపోయాడు. భుజం మీద పార.

"అత్తా, నీ పార నా గుంటలో ఏం చేస్తోంది? బయటికి లాగేసరికి నా ప్రాణం పోయింది. సగందాకా దింపి, చుట్టూ బండరాళ్ళు బిగించి ఉంది. కర్రకి ఈ గుడ్డ చుట్టి ఉంది. విప్పి చూస్తే మామ గుర్తు."

ఆ గుడ్డ ఎనాక్ చొక్కా చెయ్యి. చూడగానే గుర్తుపట్టాను, ఎన్ని మాసికలో దానికి.

"మరి నీ పారేదిరా?" అన్నాను.

"అదే నేనూ అడుగుతున్నా. పోయినట్టుంది. బాబాయ్ ఏడీ?"

అప్పుడు ఒక్కొక్కటే అర్థమైంది. ఆ రోజు జనం ముందు, కొత్తవాళ్ళ ముందు నిజం చెప్పి ఉంటే నేనేం చేసేదాన్ని? నా పార నేను లాక్కుని ఇంటికొచ్చేదాన్ని. పెథ్రిక్ గుంటలో తెల్లారేసరికి ఇంకొకడు దిగేవాడు. అది అతనికి తెలుసు. నా సంగతి నాకంటే బాగా అతనికే తెలుసు.

పరుగెత్తాను. ఆ వయసులో, ఆ ఎండలో క్యాంపుదాకా పరుగెత్తాను.

"ఆయన్ని విప్పు. పార నేనే తీసుకుపొమ్మన్నాను" అన్నాను పోలీసుతో. "కావాలంటే ఆ రోజు రొట్టెలకి కూర్చున్న నలుగుర్నీ అడుగు."

"మరి మంగళవారం లోయంతా దద్దరిల్లేలా అరిచిందెవరు?"

"నేనే. నా నోటి తీట."

"బాగుంది. నీ నోటి తీటకి ఈ ముసలాణ్ణి మూడు రోజులు మేం కాపలా కాయాలా?"

"కాశావులే! గుక్కెడు నీళ్ళిచ్చావా?"

"నువ్విచ్చావా?" అన్నాడు.

వాడు గొలుసు తాళం తీశాడు.

ఎనాక్ లేవలేకపోయాడు. నా వెనకే రొప్పుతూ వచ్చిన పెథ్రిక్‌ని చూసి, "ఎవడైనా దిగాడా బాబూ?" అని అడిగాడు. మొదటి మాట అదే.

"లేదు బాబాయ్. గుంట నాదే."

కళ్ళు మూసుకున్నాడు. డబ్బాతో నీళ్ళు పట్టాను. సగం గడ్డం మీద పోశాను. ఏడుపు ఆగలేదు నాకు.

"నేనే కదయ్యా ఎత్తుకుపొమ్మన్నాను. నలుగురూ విన్నారు. అది దొంగతనం ఎలా అవుతుంది?"

"మీరు వెటకారానికన్నారమ్మగారూ. నాకు తెలుసు. తెలిసే తీశాను."

"అయితే మాత్రం? ముప్పై ఒక్క ఏళ్ళు..."

"ఆ లెక్క మంగళవారంతో అయిపోయిందమ్మగారూ. ఇవాళ్టికి మూడు రోజులు" అన్నాడు.

తరవాత పెథ్రిక్ అతన్ని వదల్లేదు. తాడు అతని చేతికిచ్చి తను కిందికి దిగాడు. బంకమట్టిలో కొద్దో గొప్పో దొరికింది, ఇద్దరూ పంచుకున్నారు. నేను అతని రొట్టె మూల మీద అక్షరం పెట్టాను. మొదటిరోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరిదమ్మగారూ?" అన్నాడు. "నీదేనయ్యా, ఇక్కడే కూర్చుని తిను" అన్నాను. టోపీ తీసి, రొట్టె పట్టుకుని, ఎప్పటిలాగే దూరంగా వెళ్ళి చెట్టు కింద తిన్నాడు. ఆదివారాలు గుడారంలోకి పిలిచాం. వచ్చేవాడు, తలుపు దగ్గరే నిలబడేవాడు. మనుషుల మధ్య ఎలా కూర్చోవాలో మర్చిపోయాడు, ఆ పాపంలో నా రెండేళ్ళూ ఉన్నాయి.

ఆరేళ్ళు బతికాడు. చలికాలంలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. చివరి మధ్యాహ్నం నేనే పక్కనున్నాను. పెథ్రిక్ డాక్టరు కోసం వెళ్ళాడు.

"ఆరేళ్ళ అయిదు నెలలమ్మగారూ" అన్నాడు. "గడ్డిపోచ ముట్టలేదు."

"ముప్పై ఏడేళ్ళయ్యా" అన్నాను. "ముప్పై ఏడేళ్ళు దాటింది. నువ్వు దొంగవి కావు. నేను చెప్తున్నాను కదా, నా పార అది, నాకు తెలీదా?"

తల అడ్డంగా ఊపాడు. చెయ్యి పట్టుకుని బతిమాలాను. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.