గంటల మేడం రాసిన ఉత్తరం

కాలేజీలో ఆమెను అందరూ గంటల మేడం అనేవారు. పదకొండేళ్లుగా రసాయనశాస్త్రం చెబుతున్నా ఆమెకు నెలజీతం లేదు, చెప్పిన గంటకింతని ఇచ్చేవారు. పక్కగదిలో అదే పాఠం, అదే పుస్తకం చెప్పే పెద్దమాస్టారు పర్మినెంటు. ఆయన జీతంలో ఆమెకు నాలుగోవంతు కూడా వచ్చేది కాదు. సెలవులొస్తే అదీ ఉండదు. స్టాఫ్ రూములో బల్ల లేక, ల్యాబ్‌లో సింకు పక్కన స్టూలు వేసుకుని పేపర్లు దిద్దేది. దానికి పైసా రాదు. భర్త పోయాక ఇల్లు నడిచేది ఆ గంటల మీదే.

ఆ సంవత్సరం గంటల లెక్కన చెప్పేవాళ్లంతా కలిసి, ఒకే పనికి ఒకే జీతం ఇమ్మని ప్రిన్సిపాల్‌కు ఉత్తరం పెట్టారు. దస్తూరి బాగుంటుందని ఆమె చేత రాయించారు. రాసింది కదా అని మొదటి సంతకమూ ఆమె చేతే పెట్టించారు.

ఇక అక్కణ్ణుంచి గుబులు. ప్రిన్సిపాల్ నవ్వితే ఎందుకు నవ్వాడా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని. ఒకరోజు కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది.

"ఏమైందే నీకు?" అంది అత్తగారు.

"ఏం లేదత్తయ్యా."

"ఏం లేకపోతే కూర ఇలా ఏడవదు."

సోమవారం కొత్త టైంటేబుల్ అతికించారు. ఆమెకు వారానికి పదహారు గంటలుండే చోట నాలుగే ఉన్నాయి. తక్కిన పన్నెండూ పెద్దమాస్టారి పేరు కింద. ఆమె ల్యాబ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పి, పోతున్న నీళ్లను చూస్తూ నిలబడింది.

పెద్దమాస్టారు వెనకే వచ్చి కుళాయి కట్టేశాడు.

"సంతకానికి నా దగ్గరికి రాలేదేమమ్మా?"

"మీరు పర్మినెంటు కదా మాస్టారూ. మీకెందుకీ తలనొప్పని."

"అడగాల్సింది." తలుపు వైపు తిరిగాడు. "పద, ప్రిన్సిపాల్ దగ్గరికి."

అక్కడ ఆయన నిలబడే చెప్పాడు. "ఆ పన్నెండు గంటలూ నేను తీసుకోను సార్. ఆవిడ క్లాసులవి. పైగా నా మోకాళ్లు ఒప్పుకోవు."

ప్రిన్సిపాల్ ఆమె వైపు తిరిగాడు. "ఈ గొడవంతా మీరు మొదలుపెట్టిందేనా మేడం?"

"రాసింది నేనేనండి. అడిగింది మేమందరం."

రెండు వారాలు ఏ కబురూ లేదు. ఆ తర్వాత ఆమె గంటలు ఆమెకొచ్చాయి. పేపర్లు దిద్దినందుకూ ఇస్తామన్నారు, ఇస్తున్నారు. సమాన జీతం సంగతి మాత్రం పరిశీలిస్తున్నామన్నారు. ఏడాది దాటినా పరిశీలిస్తూనే ఉన్నారు. టర్ము మారి కొత్త టైంటేబుల్ అతికించే రోజులొస్తే ఆమెకు ఇప్పటికీ అన్నం సయించదు.